సబ్బు బుడగ మీద పెద్దమనిషి

నా చిన్నప్పుడు, కెనడాలోని బర్నబీ ఊళ్లో మా ఇంటికి రెండు వీధుల అవతల, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒక తెలుగు ప్రొఫెసర్ గారు ఉండేవారు. ఆయన హాలు గోడ నిండా ఇంగ్లండులో ఎన్నడో అచ్చయిన వెక్కిరింత బొమ్మలు. షేర్ల పిచ్చిలో పడి మునిగిపోయినవాళ్లను ఎగతాళి చేస్తూ గీసినవి. వాటిలో నాకు బాగా నచ్చిన బొమ్మ ఒకటుండేది. లావుపాటి పెద్దమనిషి సబ్బు బుడగ మీద కూర్చుని కాగితాలు ఊపుతుంటాడు. వెనక లాగు చిరిగి ఉంటుంది, ఆ సంగతి ఆయనకు తెలియదు.

నాకు పదకొండేళ్లప్పుడు మనవాళ్లందరి నోటా ఒక బంగారు గని షేర్ల మాటే. చివరికి ఆ గనిలో బంగారమే లేదని తేలింది. మా పక్కింటి అంకుల్ ఇల్లు అమ్ముకోవలసి వచ్చిందని మా నాన్న ఫోన్లో ఎవరికో నవ్వుతూ చెప్పడం విన్నాను.

ఆ ఆదివారం ప్రొఫెసర్ గారింట్లో భోజనాలు. పక్కింటి అంకుల్, ఆంటీ కూడా వచ్చారు. నేను ఆ బొమ్మ దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా, "లుక్! ఇది మన పక్కింటి అంకులే!" అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్లలో మా నాన్న ఒకరు. ఆంటీ ప్లేటు పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ప్రొఫెసర్ గారు నన్ను కోప్పడలేదు. నా పక్కకొచ్చి, బుడగ కింద ఉన్న ఒక బక్కమనిషిని వేలితో చూపించారు.

"బుడగ ఊదేది ఈయనే, చూశావా? ఇది నేనమ్మా. ఆ షేర్లు కొనమని అంకుల్‌కి అడ్వైజ్ చేసింది నేనే. నేనూ కొన్నా, పోగొట్టుకున్నా."

 అప్పుడు మా నాన్న, "నేనూ కొన్నానండీ," అన్నారు. అమ్మ ఆయన వైపు చూసిన తీరులోనే, ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసిందని నాకు అర్థమైంది.

 సారీ చెప్పాలని నాకు తెలుసు, అయినా చెప్పకుండా బూట్లు వేసుకోవడానికి గుమ్మం దగ్గరికి పోయాను. బయలుదేరేసరికి వాన. పక్కింటి అంకుల్ తన గొడుగు నా మీద పట్టి, తాను తడుస్తూ, మా కారు దాకా నడిచారు. "ఆ లాగు చిరుగు భలే గీశాడు కదమ్మా," అన్నారు. నేను తలెత్తలేదు. నెల తిరక్కుండానే వాళ్లు ఊరు మారిపోయారు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతోంది. అంకుల్ పోయారని ఈమధ్యే తెలిసింది. ఆంటీ టొరంటో పక్కనున్న వాన్ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నారట. నంబరు సంపాదించి రెండుసార్లు డయల్ చేశాను, రింగయ్యేలోపే పెట్టేశాను. ఆమె నన్ను మరిచిపోయి ఉంటే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గేస్తుంది.