మా నాయనమ్మ కాపలా కాసిన డిఫరెన్షియల్

ఆ రోజుల్లో కలకత్తాలోని మా ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్లలో ఎవరినీ నమ్మకపోవడం ఒక మర్యాద. కూరలవాడి తక్కెడకేసి అనుమానంగా చూడకపోతే వాడే నొచ్చుకునేవాడు, తన సరుకు మాకు నచ్చలేదేమోనని. పాలవాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు, మీటరు చూసేవాడు, అందరూ మా అనుమానాలు దాటుకునే గడప తొక్కాలి. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చినప్పుడు హౌరాలో రైలు దిగీ దిగగానే ఎవరో ట్రంకుపెట్టె మోసిపెడతానని నెత్తికెత్తుకుని జనంలో కలిసిపోయాడట. ఆ పెట్టె ఇంతవరకూ తిరిగి రాలేదు గానీ, దానివల్ల వచ్చిన జాగ్రత్త మాత్రం మూడు తరాలకు సరిపడా మా ఇంట్లో నిల్వ ఉంది. అలాంటి ఇంట్లో పుట్టి నేను కొన్నదేమిటయ్యా అంటే, కంటికి కనిపించని, చప్పుడు చెయ్యని, ఉందో లేదో బండి విప్పితే తప్ప తెలియని ఒక సామాను.

దానికన్నా ముందు బండి సంగతి చెప్పాలి. సాల్ట్ లేక్‌లో ఉద్యోగం దొరికిన కొత్తల్లో పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాను. ఎర్రది, రెండే సీట్లు, వెనక చక్రాలతో నడిచేది. దాని యజమాని ఒక బెంగాలీ పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పులొచ్చి అమ్మేశాడు (అందులో ఎక్కడమంటూ ఉండదు, నూతిలో దిగినట్టు దిగాలి, ఎవరైనా చెయ్యిస్తే పైకి రావాలి). ఆడపిల్ల కారు కొనడమే మా వాళ్ళకి వింత. ఇంటినిండా మనుషులుండగా రెండు సీట్లదే ఎందుకు కొన్నట్టు? "రెండో సీటు ఎవలికే గుంటా?" అని నాయనమ్మ సూటిగా అడిగింది. ఎవరికీ కాదన్నాను. అది నిజమే, కానీ మా ఇంట్లో నిజానికి అంత విలువ లేదు. కొన్నాళ్ళపాటు నా ఫోన్ మోగినప్పుడల్లా ఇంట్లో టీవీ గొంతు తగ్గేది.

ఆదివారాల్లో కార్ల పిచ్చివాళ్ళం కొందరం బడ్జ్ బడ్జ్ దగ్గర నది ఒడ్డున ఒక ఖాళీ స్థలంలో చేరేవాళ్ళం. ప్లాస్టిక్ దిమ్మలు నిలబెట్టి వాటి చుట్టూ బళ్ళు తిప్పడం, ఎవరు ముందు తిరిగొస్తారో చూడడం, అదీ సరదా. వాన పడిందంటే నా బండి పరువు పోయేది. వెనక చక్రాల్లో ఒకటి బురదలో గిర్రున తిరిగేది, రెండోది గట్టి నేలమీద ఉండి కూడా పెళ్ళికొచ్చిన చుట్టంలా చూస్తూ కూర్చునేది. తాడు కట్టి లాగించుకోవడం నాకు అలవాటైపోయింది. దీనికి మందు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అని ఒక వీడియోలో చూసి, విదేశం నుంచి తెప్పించాను. పార్సిల్ వచ్చిన రోజున అందరూ దాని చుట్టూ చేరారు. మా నాన్న దాన్ని లేపి చూసి, "ఇంత బరువు ఎందుకుంటాది?" అని పెట్టె అడుగు కూడా తట్టి చూశాడు.

నాయనమ్మకి మాత్రం నేను వివరంగా చెప్పాను. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ, అందుకని రెంటికీ మధ్య ఒక పెట్టె ఉంటుంది, కానీ పాత రకం పెట్టెలో ఒక చక్రం జారిందంటే ఇంజిన్ బలమంతా ఆ జారేదానికే పోతుంది అన్నాను. ఆవిడ దాన్ని తన లెక్కలోకి మార్చుకుంది.

"అంటే మా మావ నాగ. జారినోడికి ఉన్నదంతా పెట్టినాడు, నిలబడినోడి నోట్లో మట్టి కొట్టినాడు." (ఆ మావ మా ముత్తాత. జారినవాడు మా చిన్నతాత, నిలబడినవాడు మా తాత. ఆ మట్టి వల్లే మేం కలకత్తా చేరాం.) "మరి ఈ కొత్తది ఏటి సేస్తాది?"

"జారేదాన్ని బిగబట్టి, నిలబడ్డదానికి కూడా కొంత ఇస్తుంది."

"అలాటిది మా మావకి దొరకనేదు," అని నిట్టూర్చి, "బిగించేది ఎవలు?" అంది.

ఆ ప్రశ్న మామూలు ప్రశ్న కాదు. మా క్వార్టర్లలో ఎవరు పాత బంగారం కరిగించి కొత్త నగ చేయించుకున్నా, కంసాలి దగ్గర కాపలా కూర్చోవడానికి నాయనమ్మనే తీసుకెళ్ళేవారు. రెప్ప వెయ్యని ముసలమ్మ అని ఆవిడకి పేరు. సొంత పీట చంకన పెట్టుకుని వెళ్ళేది. కొలిమి ముందు కూర్చుందంటే నగ చేతికొచ్చేదాకా లేచేది కాదు, లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగేది కాదు. పనివాడు ఇచ్చిన టీ ముట్టకూడదు, వాడితో మాటలు కలపకూడదు, మొహంకేసి అసలు చూడకూడదు. "మొగం అబద్దం ఆడతాది, సేతులు ఆడనేవు, సేతులు సూడాల," అనేది. కానీ ముద్రలు వేసిన బంగారం, అద్దాల దుకాణాలు వచ్చాక ఆవిడని పిలిచేవాళ్ళు లేకపోయారు. పీట మంచం కింద చేరింది. కూరలవాళ్ళ తక్కెడలకి కాపలా కాస్తూ బతుకు వెళ్ళదీస్తుండేది పాపం. ఆ రోజు "నేనొస్తాను" అన్నప్పుడు ఆవిడ కళ్ళలో వచ్చిన వెలుగు చూసి నేను కాదనలేకపోయాను. పైగా నాకూ మెకానిక్ మీద అనుమానమే.

ఆ మెకానిక్‌కి మేం పెట్టుకున్న పేరు హోబే దాదా. ఏం అడిగినా "హోబే దిదీ, షోబ్ హోబే", అంటే అవుతుందమ్మా అన్నీ అవుతాయి, అనేవాడు. ఇంజిన్ మీద వేలితో తట్టి రోగం చెప్పేస్తానని గొప్పలు పోయేవాడు. ఆయన సొంత స్కూటర్ని మాత్రం రోజూ తోసుకుంటూ వచ్చేవాడు. పార్క్ సర్కస్ వెనక సందులో ఆయన గ్యారేజీ. పొద్దున్నే నాయనమ్మనీ, పీటనీ, పెరుగన్నం డబ్బానీ అక్కడ దించాను. ఆవిడ కొత్త సామానుని చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది, వాసన చూసింది, గోటితో గీరింది. తరవాత కారు వెనక పీట వేసుకుని ఆయన చేతులకేసి చూడడం మొదలుపెట్టింది. హోబే దాదా నన్ను పక్కకి పిలిచి, ఈ మాసీమా, అంటే పిన్నిగారు, పోలీసువాళ్ళ తాలూకా అని అడిగాడు. కాదన్నాను. నమ్మలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపటికల్లా ఇచ్చేస్తానన్నాడు. నేను ఆఫీసు బస్సెక్కి సాల్ట్ లేక్ వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఫోన్ చేస్తే "హోబే." ఇంకాసేపు ఆగి చేసినా "హోబే." పొద్దు వాలాక నేను వెళ్ళేసరికి కారింకా గాల్లోనే ఉంది, స్పానర్ నేలమీద ఉంది, ఆయన టీ తాగుతున్నాడు. నాయనమ్మ పీట మీద నిటారుగా, విగ్రహంలా ఉంది. పూటలో అయ్యే పనికి రోజంతా ఎందుకు పట్టింది? మా ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ ప్రశ్నకి ఒకటే జవాబు తడుతుంది. ఏదో మార్చేశాడు. ఆయన మిగిలిన బోల్టులు బిగించేదాకా ఆగి, వీడియోలో నేర్చుకున్న పరీక్ష పెట్టాను. వెనక చక్రాలు రెండూ గాల్లో ఉండగా ఒకదాన్ని చేత్తో తిప్పాలి. రెండోది కూడా అటే తిరిగితే కొత్త సామాను ఉన్నట్టు, ఎదురు తిరిగితే పాతదే. తిప్పాను. రెండోది హాయిగా ఎదురు తిరిగింది.

"గాల్లో తెలీదు దిదీ, నేలమీద తెలుస్తుంది," అన్నాడు హోబే దాదా. మోసగాడు చెప్పాల్సిన మాట సరిగ్గా ఇదే కదా అనుకున్నాను.

నేను నాయనమ్మ చెవిలో అడగకూడని మాట అడిగాను. "మధ్యలో కన్ను మూతపడిందా?"

ఆవిడ చివాలున లేచి, కారు నేలకి దించేదాకా నిలబడే ఉంది. పీట ఎత్తుకుని కారులోకి దిగింది. ఆ పొద్దున్న రెండో సీటులో మొదటిసారి కూర్చున్న మనిషీ ఆవిడే. ఇల్లు చేరేదాకా మోకాళ్ళ మీద పీట పెట్టుకుని అద్దంలోంచి బయటికే చూసింది. మర్నాడు పొద్దున్న కాఫీ కూడా ముట్టకుండా చెప్పింది. "బండి ఇప్పించు. నోపల మన సామాను నేకపోతే ఇంక నానెవలి ముందూ పీటెయ్యను. ఆ పీట పొయ్యిలో ఎట్టేస్తాను."

నాకు భయం వేసింది. విప్పిస్తే లోపల మా సామాను లేదనుకోండి, ఆవిడ జన్మంతా సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. అన్నేళ్ళలో ఆవిడ చూసి ఇచ్చిన గాజులూ గొలుసులూ వేసుకున్న వాళ్ళందరూ వాటిని మళ్ళీ తూకం వేయించుకుంటారు (మా వాళ్ళ సంగతి నాకు తెలుసు). బండి పోతే పోయింది, ఆవిడ పీట పొయ్యిలో పడితే నేను చూడలేను. విప్పించేముందు ఒక్కసారి నేలమీద చూద్దామని బతిమాలాను.

ఆ ఆదివారం అదృష్టంకొద్దీ కుండపోతగా వాన. బడ్జ్ బడ్జ్‌లో మావాళ్ళు నా బండిని చూడగానే అలవాటు ప్రకారం తాడు బయటికి తీశారు. నాయనమ్మ పక్కసీట్లో కూర్చుంది, పీట దించమన్నా దించలేదు. నేను కావాలనే ఎడమచక్రాన్ని బురదగుంటలోకి పోనిచ్చాను. చక్రం జారింది. బండి ఆగింది. పక్కన నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో వినిపించలేదు. మెల్లగా యాక్సిలరేటర్ నొక్కాను. వెనకాల ఏదో బిగబట్టినట్టయింది, గట్టి నేలమీద ఉన్న చక్రం నిద్ర లేచింది, బండి ఒక్క మూలుగు మూలిగి గుంటలోంచి బయటికొచ్చేసింది. తాడు పట్టుకున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు. నాకు ఏడుపు వచ్చింది, గెలిచినందుకు కాదు.

"సెప్పినానా," అంది నాయనమ్మ. అంతకుముందు ఆవిడ చెప్పింది ఏమీ లేదు, అయినా ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి ఆ వీడియో మళ్ళీ పెడితే, నేను చూడకుండా ఆపేసిన రెండో సగంలో, నేను కొన్న రకానికి గాల్లో పరీక్ష పనికిరాదని వాడు తీరిగ్గా చెబుతున్నాడు.

మర్నాడు సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని హోబే దాదా దగ్గరికి వెళ్ళాను. ఆయన పొట్లాన్ని అనుమానంగా చూసి, నన్ను ఒకటి తినమని, ఆ తరవాత తను తిన్నాడు. మరి రోజంతా ఎందుకు పట్టిందని అడిగాను. సందు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"భోజనం చేశాక మాసీమా నిద్రపోయారు. ఆవిడ కళ్ళు మూసుకోగానే నేను స్పానర్ కింద పెట్టేశాను. కళ్ళు తెరవగానే మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ మూసుకున్నారు, మళ్ళీ పెట్టేశాను. సాయంత్రం దాకా ఇదే పని. ఆవిడ నిద్రపోతుండగా నేను బోల్టు ముట్టుకుంటే మీరు ఊరుకుంటారా?"

"లేపాల్సింది కదా."

"ఎలా లేపను? నాకు అనుమానం, ఆవిడ నిద్ర నటిస్తున్నారని. నన్ను పట్టుకోవడానికి. అందుకే రెండు చేతులూ ఆవిడకి కనబడేలా మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను."

ఇంటికి వెళ్ళేసరికి నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏటన్నాడు ఆడు?" అంది. "నువ్వు ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదట, అలాంటి మనిషిని తన సర్వీసులో చూడలేదట," అన్నాను. ఆవిడ నా మొహంకేసి చూడలేదు. కిందికి చూసింది.

"మరి సేతులెందుకే నలుపుకుంతన్నావు?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ లోపలికి నడిచింది. పీట తుడిచి, మంచం కింద కాకుండా తలుపు పక్కన పెట్టుకుంది. కారు పొట్టలో ఉన్న సామానుకే కాపలా కాసిందన్న సంగతి క్వార్టర్లలో పాకేసరికి మళ్ళీ పిలుపులు మొదలయ్యాయి. ఫ్యాను మోటారు చుట్టించినా, మొబైల్ విప్పించినా ఆవిడ పీట అక్కడ ఉండాల్సిందే. ఆవిడకన్నా ముందు నేను వెళ్ళి, "మా నాయనమ్మ కళ్ళు మూసుకుంటే కాస్త పని ఆపండి," అని చెప్పి వచ్చేదాన్ని. వాళ్ళంతా నన్ను ఎంత అనుమానంగా చూసేవారో చెప్పలేను.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఎర్రబండి కూడా లేదు, నాకూ మోకాళ్ళ నొప్పులొచ్చాయి. ఇప్పుడున్నది అందరూ పట్టే బుద్ధిమంతమైన కారు. మొన్న దాన్ని సర్వీసింగ్‌కి ఇచ్చి, అద్దానికి ఇవతల సోఫాలో కూర్చుని కాపలా కాశాను. వాళ్ళిచ్చిన టీ ముట్టలేదు. అయినా చల్లటి గాలికి ఎప్పుడో కళ్ళు మూతపడ్డాయి. ఉలిక్కిపడి తెరిచేసరికి అద్దానికి అవతల నా కారు పక్కన మెకానిక్ తీరిగ్గా కూర్చుని నాకేసే చూస్తున్నాడు. టీ వేళే అయ్యుంటుంది. మొహాన్ని నమ్మకూడదు కనక అతని చేతులకేసి చూశాను. రెండూ ఖాళీగా, నాకు కనబడేలా, మోకాళ్ళ మీద ఉన్నాయి.