బొజ్జ, దాని వెనక మావయ్య

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఎవరికీ కనిపించనిది అసలు లేనట్టే. మంచం కింద దుమ్ము, ఇన్‌షర్ట్ చేస్తే లోపలికి పోయే చొక్కా చిరుగు, ఇంట్లో చెప్పని రెండు బ్యాక్‌లాగులు, అన్నీ ఈ సిద్ధాంతం కిందికే వచ్చేవి. (బ్యాక్‌లాగులు తర్వాత రెండూ పోయాయి. అవి ఉండేవన్న సంగతి మాత్రం ఇంట్లో ఇప్పటికీ తెలియదు. మీరూ చెప్పకండి.) ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా ఈ సిద్ధాంతానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పింది మా మావయ్య షాపులో ఆర్డర్లు తీసుకునే అక్క. అదీ నందిగామ మెయిన్ రోడ్డు మీద, మైకులో.

మా మావయ్యది నందిగామలో మోటార్లు, పైపుల షాపు. గోడౌన్ జగ్గయ్యపేటలో. చుట్టుపక్కల ఏ ఊళ్ళో మోటారు మొరాయించినా రైతు ముందు మోటారును తిట్టి, తర్వాత కరెంటోళ్ళను తిట్టి, ఆ తర్వాత మా షాపుకు ఫోన్ చేసేవాడు. ఆ ఫోను ఎత్తేది ఆర్డర్ల అక్క. అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. ముందు రెండు ఫోన్లు, పక్కన మంచినీళ్ళ సీసా, అంతే ఆవిడ ఆఫీసు. "హలో" అన్న మాటతోనే మనిషిని పట్టేసేది. "బాబాయ్, ఫోను మోటారు దగ్గరికి పట్టుకెళ్ళండి. ఆఁ, స్విచ్చెయ్యండి" అని కాసేపు విని, "బేరింగు పోయిందండి, మోటారు మార్చక్కర్లా, మెకానిక్కు మారుస్తానంటే ఒప్పుకోమాకండి" అని తేల్చేసేది. మెకానిక్కులకు ఆవిడంటే అంత గౌరవం ఉండకపోవడానికి ఇదే కారణం. ఇల్లు షాపుకు రెండు వీధుల అవతల. చేతికర్రతో తనే నడిచి వచ్చేది, ఉద్యోగం దొరక్క షాపులో కూర్చోడానికి వచ్చే నాకంటే ముందే.

అలాంటి ప్రశాంతమైన షాపులోకి డిజిటల్ వచ్చింది. మావయ్య విజయవాడలో డీలర్ల మీటింగుకు వెళ్ళి ఒక బ్యాగు, ఒక పెన్ను, ఒక మాట పట్టుకొచ్చాడు. బ్యాగు అత్తయ్య తీసుకుంది. పెన్ను రాయలేదు. మాట మిగిలింది. "ఒరేయ్ అల్లుడూ, ఇక మనం డిజిటల్ అవ్వాలి. నువ్వు ఇంజనీరింగు చదివావు కదా, ఒక యాప్ చేసి పడెయ్" అన్నాడు. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్ అని గుర్తు చేద్దామనుకున్నాను గానీ, అప్పటికి నా చేతిలో వేరే ఉద్యోగమేదీ లేదు కాబట్టి ఆ విషయం కూడా కనిపించనివాటి జాబితాలో చేర్చేశాను. పథకం ఇది: రైతులు యాప్‌లో తామే ఆర్డరు పెట్టుకుంటారు. పెట్టుకోలేనివాళ్ళు ఫోన్ చేస్తే, ఆర్డర్ల సీట్లో ఉన్న మనిషి వాళ్ళ తరఫున ఎక్కించాలి. ఎక్కించగానే జగ్గయ్యపేటలో టింగుమని మోగుతుంది.

"మరి అక్క?" అన్నాను.

"యాప్ వాడగలిగితే సీటు ఆవిడదే. లేదంటే జగ్గయ్యపేట గోడౌన్లో నట్లూ బోల్టులూ వేరు చేసే పనుంది. ఎక్కడో ఒకచోట కూర్చోబెడదాంలేరా" అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి. పక్క ఊరి మోటారులో బేరింగు శబ్దం పట్టుకునే మనిషి పక్క గదిలో మాట వినదని ఆయన ధీమా.

"కూర్చోబెట్టడానికి నేనేమన్నా వినాయకుడి బొమ్మనా అన్నయ్య గారూ?" అని అటునుంచి వినిపించింది.

గోడౌన్ అంటే పొద్దున్నే బస్సు, అక్కడ దిగి హైవే దాటడం, సాయంత్రం మళ్ళీ హైవే, మళ్ళీ బస్సు. తన కాళ్ళతో తను వచ్చే మనిషి రోజూ ఎవరో ఒకరి చెయ్యి అడగాలి. ఇవేవీ అక్క చెప్పలేదు. నన్ను మాత్రం పిలిచి, "తమ్ముడూ, నీ యాప్ నా ఫోన్లో మాట్లాడుద్దా?" అని అడిగింది. ఆవిడ ఫోనులో తెర మీద వేలు పెడితే అక్కడేముందో చదివి వినిపించే ఏర్పాటు ఉండేది. అది ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అంతకన్నా లేదు. "ఎందుకు మాట్లాడదక్కా, గడగడా మాట్లాడుద్ది" అన్నాను.

యాప్ తయారుచేయడానికి నేను వాడిన సాఫ్ట్‌వేరులో ఒక చాదస్తం ఉండేది. ఏ బొమ్మ పెట్టినా, ఏ బటన్ పెట్టినా, 'ఇదేమిటో మాటల్లో రాయండి' అని పక్కన ఒక గడి. ఖాళీగా వదిలితే ఎర్ర గీత. రాస్తే ఆ మాటలు తెర మీద ఎక్కడా కనిపించవు. కనిపించకపోతే ఎందుకు రాయాలని ఆలోచించేవాడు మంచి ఇంజనీరు. కనిపించదు కదా, ఏదైనా రాయొచ్చు అనుకున్నవాణ్ణి నేను. పైన మావయ్య ఫొటో ఉంది. ఆ గడిలో 'బొజ్జ, దాని వెనక మావయ్య' అని రాశాను. మోటార్ల బటన్‌కు 'మావయ్య గురక'. స్టార్టర్ల బటన్‌కు 'అత్తయ్య, ఒకసారి మొదలైతే ఆగదు'. సరుకు వ్యాను బొమ్మకు 'బయల్దేరిందనే చెప్తారు'. ఇలా ముప్పై దాకా సాహిత్యం సృష్టించాక చివరి పేజీకి వచ్చేసరికి సరుకు అయిపోయింది. అక్కడ మూడే బటన్లు. ఎంత ఆలోచించినా జోకు తట్టలేదు. ఖాళీగా వదిలేసి, ఎర్ర గీతల వైపు చూడటం మానేశాను.

ప్రారంభోత్సవం గురువారం పెట్టారు. షాపు ముందు షామియానా, కుర్చీలు, కూల్‌డ్రింకులు, మైకు. రైతులు, డీలర్లు, ముందు వరసలో అత్తయ్య. మావయ్య మాట్లాడుతూ మాట్లాడుతూ ఉత్సాహం పట్టలేక, "మా ఆర్డర్ల అమ్మాయికి చూపు లేకపోయినా మా యాప్ వాడుద్దండి! అదండీ మా అల్లుడి గొప్పతనం!" అనేశాడు. నాకు గొప్పతనం ఉందని నాకూ అప్పుడే తెలిసింది. ఆ వెంటనే మైకు తీసుకెళ్ళి అక్క ఫోను ముందు పెట్టాడు. అక్క తెర మీద వేలు పెట్టింది. ఫోనులోని ఆవిడ, వార్తలు చదివే గొంతుతో, ఎక్కడా నవ్వకుండా చెప్పింది:

"బొజ్జ, దాని వెనక మావయ్య. చిత్రం."

అక్క పనిమంతురాలు. ఏదైనా రెండోసారి సరిచూసుకోందే నమ్మదు. మళ్ళీ వేలు పెట్టింది.

"బొజ్జ, దాని వెనక మావయ్య. చిత్రం."

ముందు ఒక రైతు నవ్వాడు. తర్వాత షామియానా మొత్తం నవ్వింది. వేలు కిందికి జరిగింది. "మావయ్య గురక. బటన్. ఎంచుకోవడానికి రెండుసార్లు తట్టండి." మధ్యాహ్నం పూట షాపుకు వచ్చిన అనుభవం ఉన్నవాళ్ళందరూ అది మోటారేనని ఒప్పుకున్నారు. "అత్తయ్య, ఒకసారి మొదలైతే ఆగదు. బటన్." అత్తయ్య కుర్చీలోంచి లేచింది. "బయల్దేరిందనే చెప్తారు. చిత్రం." దీనికి రైతులు చప్పట్లు కొట్టారు. ఆ యాప్‌లో వాళ్ళకు నచ్చిన భాగం అదొక్కటే అనుకుంటాను. నేను మైకు సెట్టు అతని వెనక నిలబడి, వైరు ఎక్కడుందో వెతుకుతున్నాను, లాగేద్దామని.

సరిగ్గా అప్పుడు అక్క రెండో ఫోను మోగింది. చెవిటికల్లు నుంచి మిరప రైతు. "మోటారు కాలిపోయిందమ్మా, కంపు కొడతంది. రేపటికల్లా తడి పెట్టకపోతే తోట వాలిపోద్ది." మైకులో అది కూడా అందరికీ వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. అక్క, "కంగారు పడమాకండి బాబాయ్, మీది ఐదు హెచ్‌పీ కదా, ఇప్పుడే పంపిస్తా" అని యాప్ మీదికి వచ్చింది. నా గురక బటన్ మీద రెండుసార్లు తట్టింది. మోటార్ల పేజీ వచ్చింది. ఐదు హెచ్‌పీ పట్టుకుంది. ఊరు ఎంచుకుంది. నా వెధవ జోకుల్ని దారిలో గుర్తుల్లాగా పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి చివరి పేజీ దాకా వెళ్ళిపోయింది. మావయ్య మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

"లేబుల్ లేని బటన్," అంది ఫోను. వేలు పక్కకు జరిగింది. "లేబుల్ లేని బటన్." ఇంకా పక్కకు. "లేబుల్ లేని బటన్."

అక్క ఆగింది. "తమ్ముడూ, ఇక్కడ మూడున్నాయి. దేనికీ పేరు లేదు. ఏది నొక్కాలి?"

నేను సాయం చేసే తొందరలో, మైకు ముందుకొచ్చి మరీ చెప్పాను: "పచ్చగా ఉన్నది నొక్కక్కా."

ఆ మాట కూడా ఊరంతా విన్నది. "పచ్చగా ఉన్నదా? సరే" అని అక్క వేలు ఎక్కడుందో అక్కడే రెండుసార్లు తట్టింది. "ఆర్డరు రద్దయింది," అంది ఫోను, అదే వార్తల గొంతుతో.

అక్క కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను ఇంత బాగా గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదు. "మీ మావయ్య బొజ్జకి పేరు పెట్టావు కదా తమ్ముడూ," అంది, "ఆర్డరు పంపేదానికి పెట్టలేదేం?" అని, పాత ఫోను తీసి, గోడౌనుకు కాల్ చేసి, చెవిటికల్లుకు మోటారు పాత పద్ధతిలోనే పంపించింది.

జనం వెళ్ళాక మావయ్య బొజ్జ ప్రసక్తి ఎత్తలేదు. అంతకంటే భయంకరమైన మాటన్నాడు. "సోమవారం నించి ఆవిడ జగ్గయ్యపేట. యాప్ ఆవిడకి రాలా."

"ఆవిడకి రాకపోవడం కాదు మావయ్యా. నేను పేర్లు పెట్టలా."

"పెట్టావు కదరా. వినలా ఊరంతా?"

సోమవారం దాకా ఆగమన్నాను. ఆయన అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య నా వైపు చూడలేదు. "సోమవారం పొద్దున దాకా" అన్నాడు.

శుక్ర, శని, ఆదివారాలు అక్క క్యారియరు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. మొదటి పనిగా నా కళ్ళకు తువ్వాలు కట్టి, ఫోను చేతికిచ్చి, నాలుగు పైపులు ఆర్డరు పెట్టమంది. నేను పదకొండు స్టార్టర్లు తెప్పించాను. "ఆహా, పచ్చగా ఉన్నది నొక్కావా?" అంది. తర్వాత తను చెప్పడం, నేను రాయడం. పంపు. రద్దు. వెనక్కి. మోటార్లు. "వ్యాను వివరాలు తెలుసుకొనుటకు ఇచ్చట నొక్కండి" అని నేనొకటి గంభీరంగా రాస్తే కొట్టేయించింది. "పొద్దుట్నించి సాయంత్రం దాకా వినేది నేను. వ్యాను అను, చాలు." రైతు తన మోటారు శబ్దం రికార్డు చేసి పంపేలా ఒక బటన్ కూడా అప్పుడే పెట్టించింది. తర్వాత్తర్వాత అసలు టైపు చేయడం రాని రైతులందరూ ఆ బటనే వాడారు. యాప్‌లో నేను కనిపెట్టని ఏకైక సంగతి అది. పనిచేసిందీ అదే.

సోమవారం పొద్దున మావయ్య పరీక్ష పెట్టాడు. వెనక గదిలోకి వెళ్ళి, ముక్కు పట్టుకుని, ఫోన్ చేశాడు. "వీరులపాడు నించండీ, మోటారు తిరగట్లేదండీ."

"ఫోను మోటారు దగ్గర పెట్టండి," అంది అక్క.

ఆయన ఇది ఊహించలేదు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత వెనక గదిలోంచి, యాభై రెండేళ్ళ పెద్దమనిషి నోటితో చేసిన మోటారు శబ్దం వినిపించింది. అక్క శ్రద్ధగా విన్నది. ఈలోపు వేలు తెర మీద నడుస్తూనే ఉంది. "ఈ మోటారు రోజూ మధ్యాహ్నం రెండింటికి కూడా ఇట్టాగే మోగుద్ది అన్నయ్య గారూ. మూడు హెచ్‌పీ వేశా. పంపు నొక్కేశా, చూసుకోండి." గోడౌన్ వాళ్ళు ఎవరికోసం ఈ మోటారు అని అప్పటికే ఫోన్ చేస్తున్నారు. అక్క సీటు గురించి షాపులో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

ఇది జరిగి ఆరేళ్ళు. నేనిప్పుడు విజయవాడలో ఇదే పని చేస్తున్నాను, కాస్త జీతానికి. ఏ తెర తయారైనా కళ్ళు మూసుకుని ఒకసారి వేలితో నడిచి చూస్తాను. ఆఫీసులో అందరూ నేను ధ్యానం చేస్తాననుకుంటారు. మొన్న నందిగామ వెళ్ళినప్పుడు షాపులో కూర్చుని, ఊరికే, అక్క ఫోను తీసుకుని కళ్ళు మూసుకున్నాను. మొదటి చోటే వినిపించింది: "బొజ్జ, దాని వెనక మావయ్య. చిత్రం."

"ఇది తీసేశాం కదక్కా?"

"నువ్వు తీస్తానన్నావు, నేను వద్దన్నా. మర్చిపోయావా?" అంది అక్క. "నేను ఈ షాపులో చేరి అప్పటికే తొమ్మిదేళ్ళు. మీ మావయ్య ఎట్టా ఉంటాడో నాకు ఒక్కళ్ళూ చెప్పలా తమ్ముడూ. అడిగితే బాగోదని నేనూ అడగలా. మొదట చెప్పింది నువ్వే."

మావయ్య కుర్చీలో నిద్రపోతున్నాడు. రెండేళ్ళ కిందట సుగర్ వచ్చింది. బొజ్జ పోయింది. గురక కూడా మునుపటి గురక కాదు, ఒకటిన్నర హెచ్‌పీ ఉంటుందేమో. పాత చొక్కాలే వేసుకుంటున్నాడు. అక్క ఆ గురక వింటూ, "ఇప్పుడెట్టా ఉన్నాడు?" అని అడిగింది. నేను చూశాను. బహుశా మొదటిసారి సరిగా చూశాను.

"చొక్కా," అన్నాను. "దాని లోపల ఎక్కడో మావయ్య."

అక్క నా చేతిలోంచి తన ఫోను తీసుకుంది. తర్వాత, "అదీ రాయి," అంది. "పాతది తీయమాకు."

ల్యాప్‌టాప్ తెరిచి ఆ గడిలో పాతదాని పక్కనే రాశాను. ఇరవై మూడేళ్ళప్పుడు ఆ గడి నిండా రాసినవాడు ఎవరూ వినరనుకుని రాశాడు. ఈసారి వినే మనిషి పక్కనే ఉంది. (ఎర్ర గీత రాలేదు.)