ఊరూ పేరూ తెలియనివాళ్ళకు నీళ్ళు

పంజాబులో తెల్లవాళ్ళు కాల్చి చంపిన జనాన్ని తలుచుకుని ఏటా ఆ రోజున నర్సీపట్నంలో పెద్దవాళ్ళు ఉపవాసం ఉండేవారు. ఆ ఏడు ఏటి రేవులో తర్పణాలు కూడా వదులుతారని చాటించారు. దొరతనం పొట్టన పెట్టుకున్నవాళ్ళందరికీ నీళ్ళట. ఆ మాట విని మా అమ్మ రావికమతం దగ్గరున్న మా ఊరినుంచి నడిచి వచ్చింది. వెంట కూతుర్ని నేనూ వచ్చాను.

అంతకు రెండేళ్ళ ముందు మా తమ్ముణ్ణి పోలీసులు వెట్టికి పట్టుకుపోయారు. మన్యంలో వాళ్ళ పటాలానికి బియ్యం మూటలు మోయించారు. కొండజ్వరం తగిలితే దారిలో వదిలేసి పోయారు. శవం దొరకలేదు, కర్మ జరగలేదు. నీళ్ళు నీళ్ళని అడుగుతూ పోయాడని తోటి కూలీ చెప్పిన మాట అమ్మను నిద్రపోనివ్వలేదు.

తర్పణాలు వదిలేది ఊళ్ళో పేరున్న ప్లీడరుగారు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పేరూ గోత్రమూ తెలియని వారికంటూ పురోహితుడు చెప్పించినట్టు నువ్వులూ నీళ్ళూ వదిలారు. కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ గట్టు దిగి కొడుకు సంగతి చెప్పుకుంది.

"ఒక్క దోసెడు నా కొడుక్కీ వదలండి బాబూ."

ఆయన గట్టుమీది పోలీసు జవాను వైపు చూశారు. "ఇవాళ పంజాబు వాళ్ళకమ్మా. మీవాడు జ్వరంతో పోయాడు కదా."

"ఆల పేర్లు మీకు తెలుసా?"

"తెలీదు."

"మరి నా కొడుకు పేరు నాను సెప్తన్నాను గదా."

ఆయన ఆ నీళ్ళే పుక్కిలించి అక్కడే ఉమ్మి గట్టెక్కారు.

సాయంత్రం ఆయన అరుగుమీద ఉపవాసం వాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. అన్నం ముట్టకూడదు గనక దిబ్బరొట్టె, పాకం, నెయ్యి కారుతున్న ఉప్పిండి. ఒకాయన తేన్చి, పంజాబు తల్లులు ఏం తింటున్నారో పాపం అన్నాడు. ఆ నేతి వాసన ఈనాటికీ నాకు పడదు. అమ్మ వీధిలోనే నిలబడింది.

కాసేపటికి పురోహితుడు పెరటి దారిన వచ్చాడు. ప్లీడరుగారి మనసు కరిగిందట. పొద్దుగూకాక, ఎవరూ లేనప్పుడు రేవుకి వస్తే ఆ దోసెడూ వదులుతారట. పేరు మాత్రం పైకి అనరట. ఆకులో రొట్టె ముక్క పెట్టి అమ్మ చేతికివ్వబోయాడు.

అమ్మ అందుకోలేదు. "నా కొడుకు దొంగేటండీ, సీకట్లో తాగడానికి?" అంది.

ఆయన ఆకు గోడమీద పెట్టి లోపలికి పోయాడు. ఇంకా వెలుతురు ఉండగానే మేమిద్దరం ఏటికి వెళ్ళాం. ఆడవాళ్ళు వదలకూడదని మాకు తెలుసు. అమ్మ నీళ్ళలోకి దిగి, తమ్ముణ్ణి పేరుపెట్టి గట్టిగా పిలిచి, దోసిలి వంచింది. బట్టలుతుకుతున్నవాళ్ళు తలెత్తి చూశారు.