పసుపు అంగీలో నాలుగో స్థానం

పసుపు రంగు అంగీకి వంకాయ రంగు అంచు కుట్టి వేసుకున్న మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేను వేసుకున్నాను. మూడేళ్ళు వేసుకున్నాను. ధర్మవరం షావుకారు తన సైకిల్ జట్టు కోసం కుట్టించిన అంగీ అది. పట్టుచీరల దుకాణం వాడు కాబట్టి అంగీకి కూడా అంచు ఉండాలన్నాడు. వీపు మీద దుకాణం పేరు. అది వేసుకుని పందెంలో పోతుంటే రోడ్డు పక్క బడిపిల్లలు "పెండ్లికూతురు వచ్చె" అని అరిచేవాళ్ళు. నవ్వొచ్చే విషయమే. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

తొంభైల నడిమి కాలం. మా నాయన ధర్మవరంలో ఆ షావుకారికే చీరలు నేసేవాడు. పట్టు షావుకారిది, జరీ షావుకారిది, మగ్గం కూడా షావుకారిదే. మాది రెక్కల కష్టం మాత్రమే. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోలేక సైకిలెక్కి తిరిగినవాణ్ణి. పాత నల్ల సైకిల్ మీద పెనుకొండ దాకా పోయి మధ్యాహ్నం అన్నానికి తిరిగి వచ్చేవాణ్ణి. జిల్లాలో ఎక్కడ పందెం జరిగినా ముందు వరసలో ఉండేవాణ్ణి. నాకు కావలసింది ఒక్కటే. వేసవి దాటాక జరిగే పెద్ద పందెంలో మొదటి ముగ్గురిలో ఒకడిగా రావాలి. ఆ ముగ్గురినే రాష్ట్ర జట్టుకు తీసుకునేవాళ్ళు. రాష్ట్ర జట్టులో తొక్కినవాడికి స్పోర్ట్స్ కోటాలో సర్కారు కొలువు. ఆ కొలువు వస్తే మా ఇంట్లో ఆ మగ్గం గుంట పూడ్చేయవచ్చని నా ఆశ.

నల్ల సైకిల్ మీద ఆ ముగ్గురిలో ఒకణ్ణి కాలేనని నాకూ తెలుసు. ఏదో ఒక జట్టులో చేరాలి. రెండు జట్లు పిలిచాయి.

ఒకటి హిందూపురం సైకిల్ షాపు మేస్త్రీది. ఆయన జట్టులో సైకిళ్ళన్నీ అతుకులేసినవి. ఒకదాని గొట్టం ఇంకోదానికి, ఇంకోదాని హ్యాండిల్ మరోదానికి. ఆయన నన్ను షాపు ముందు బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"మా కాడ దుడ్లు లేవప్పా. మంచి సైకిలు కూడా లేదు. కానీ మావోళ్ళు వంతులేసుకోని గాలికి ఎదురు పోతారు. ఆ పొద్దు ఎవని కాళ్ళల్లో సత్తువ ఉంటే వాడే గెలుస్తాడు. ముందే ఈడు, ఆడు అని రాసిపెట్టేది ఉండదు మా కాడ."

రెండోది మా షావుకారిది. ఆయన మేనల్లుడికి పందేల పిచ్చి. ఆ పిచ్చి కోసం పైదేశం నుంచి గేర్లున్న సైకిళ్ళు రెండు తెప్పించాడు. ఒకటి మేనల్లుడికి. రెండోది, నేను చేరితే నాకు. దాన్ని ఒక చేత్తో ఎత్తి చూశాను. మా అవ్వ నీళ్ళ బిందె అంతకంటే బరువుండేది. మిగతా ఇద్దరికి మామూలు సైకిళ్ళే ఇచ్చాడు. అంటే నన్ను మేనల్లుడితో సమానంగా చూశాడని నేను పొంగిపోయాను.

అయినా మా నాయన్ని అడిగాను. ఆయన మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"పనిముట్టు ఇచ్చేవాని కాడ చేరల్లరా. ఉత్త మాటలు చెప్పేవాని కాడికి పోయి ఏం నేస్తావు?"

మా వీధిలో అందరి లెక్కా అదే. మంచి పట్టు, మంచి మగ్గం ఇచ్చేవాడే మంచి షావుకారు. వాడి దగ్గర కూర్చుంటే చెయ్యి ఊరికే ఉండదు. ఆ పట్టు ఇచ్చినవాడే చీర తీసుకుపోతాడన్న సంగతి మాత్రం ఎవరూ పైకి అనరు. అది గాలీ నీరూ లాగా మామూలు విషయం మాకు. నేనూ దాని గురించి ఆలోచించకుండా పోయి షావుకారి జట్టులో చేరాను.

పెద్ద పందెం ఆషాఢంలో జరిగేది. పెళ్ళిళ్ళు ఉండవు, దుకాణంలో ఈగలు తోలుకోవాలి, కాబట్టి షావుకారికి జీపులో పందెం వెంట తిరగడానికి తీరిక. కానీ ఆషాఢంలో మా వైపు గాలి ఎట్లా వీస్తుందో అక్కడ బతికినవాళ్ళకే తెలుసు. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే దారంతా ఎదురుగాలి. ఆ గాలిలో ముందు తొక్కేవాడు చస్తాడు. వాడి వెనక చక్రానికి అతుక్కుని వచ్చేవాడికి ఏ కష్టమూ ఉండదు.

ముందు తొక్కింది నేను. వెనక అతుక్కున్నది మేనల్లుడు. ఊరి పొలిమేర కనబడగానే వాడు నా పక్క నుంచి దూసుకుపోయి గెలిచేవాడు. అప్పటికి నా కాళ్ళు పిండి అయిపోయి ఉండేవి. ఇంకెవరో ఇద్దరు నన్ను దాటేవాళ్ళు. మొదటి ఏడు నాలుగో స్థానం. రెండో ఏడూ అంతే. మేనల్లుడికి కొలువు అక్కర్లేదు. రాష్ట్ర జట్టు పిలిచినా పోలేదు. దుకాణంలో గల్లాపెట్టె పైన దండ వేసుకున్న ఫోటో పెట్టుకోవడానికి గెలిచాడు వాడు. నా బతుకు ఆ ఫోటోకు గోడలో కొట్టిన మేకు అయింది.

ప్రతిసారీ షావుకారు భుజం తట్టి ఒకటే మాట. "వచ్చే తూరి నీదేలేప్పా."

మూడో ఏడు నాకు చివరి ఏడు. ఆ తర్వాత రాష్ట్ర జట్టుకు వయసు దాటిపోతుంది. పందెం ముందు రోజు దుకాణానికి పోయి ఆ మాటే చెప్పాను. షావుకారు నవ్వాడు. "నాకు తెలీదా? ఈ తూరి మావాడే నీ ముందు పోతాడు చూడు. నిన్ను గెలిపించే పూచీ నాది" అన్నాడు. పక్కన మేనల్లుడు తల ఊపాడు. ఆ తల ఊపును నేను నమ్మాను.

పందెం నాడు పెనుకొండ కోట కింద మలుపు దాకా మేనల్లుడు ఒక్కసారి కూడా నా ముందుకు రాలేదు. ముందు గుంపులో మేము ఐదుగురం మిగిలాం. నేను, వాడు, హిందూపురం మేస్త్రీ జట్టువాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడు నా ఖాళీని పూరించినవాడు. నేను రానన్నాక మేస్త్రీ తీసుకున్నవాడు. ఎత్తు రోడ్డు వస్తే రొప్పేవాడు. నాకంటే ఎన్నడూ ముందు రానివాడు.

సోమందేపల్లి ఇంకా రాలేదు. వెనక టప్పుమని శబ్దం. మేనల్లుడి వెనక చక్రం పంక్చర్.

జీపు నా పక్కకు వచ్చింది. షావుకారు బయటికి వంగి అరిచాడు.

"నిలబడు! చక్రం తీసి వానికియ్యి!"

"స్పేర్ చక్రం తెచ్చుకోలేదా?" అన్నాను తొక్కుతూనే.

"యాడిదప్పా స్పేర్? ఈ సైకిలుకు పట్టేది నీ చక్రమొక్కటే. నీకు అంత మంచి సైకిలు దేనికిచ్చినాననుకుంటివి?"

నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. మూడేళ్ళు నేను తొక్కింది నా సైకిల్ కాదు. మేనల్లుడి సైకిల్‌కు స్పేర్ చక్రాలను రోడ్డు వెంట మోసుకుపోయాను. వాటిని మోసేందుకు రెండు కాళ్ళు కావాలి కాబట్టి నన్ను పెట్టుకున్నారు. ఒళ్ళంతా భగ్గున మండింది. అంత కోపం నాకు ముందెన్నడూ రాలేదు, తర్వాతా రాలేదు.

"ఇయ్యను" అన్నాను.

"సైకిలు నాది రా!"

"కాళ్ళు నావి!"

జీపు ఆగిపోయింది. నేను ఆగలేదు. ఇదే సినిమా అయితే నేను గెలిచి ఉండేవాణ్ణి. కానీ ముగ్గురి మీద ఒక్కణ్ణి. సోమందేపల్లి దగ్గర హైవే వదిలి హిందూపురం దారి పట్టగానే గాలి మొహం మీద కొట్టింది. వాళ్ళలో ఒకడు ముందుకు ఉరికాడు. పట్టుకోవడానికి నేనే తొక్కాలి. మిగతా ఇద్దరూ నా వెనక దాక్కుని సేద తీరారు. వాణ్ణి పట్టుకున్నానో లేదో రెండోవాడు ఉరికాడు. మళ్ళీ నేనే. నా వంతు తీసుకోవడానికి నాకంటూ ఒక్కడు లేడు. చివరికి ఆ ఇద్దరూ కలిసి చేజారిపోయారు. మిగిలింది మూడో స్థానం. నేను, నా ఖాళీలో చేరినవాడు. వాడు ఊరి దాకా నా వీపు వెనకే కూర్చుని వచ్చాడు. "ముందుకు రారా" అని తిట్టాను. రాలేదు. ఎందుకు వస్తాడు? గీత కనబడ్డాక నన్ను దాటి మూడో స్థానం తీసుకున్నాడు.

నాది నాలుగు. ఎవరి కోసమూ తొక్కని రోజు కూడా నాలుగే.

గీత దాటి ఊపిరి తీసుకోకముందే షావుకారు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. సైకిల్ లాక్కున్నాడు. జనం చూస్తూ నిలబడ్డారు. "అంగీ కూడా ఇడువు" అన్నాడు. విడిచి మొహాన కొట్టాను. మేస్త్రీ తన తువ్వాలు తెచ్చి కప్పబోయాడు. వద్దని తోసేశాను. ఆ పూట నాకు ఎవడి మంచితనమూ అక్కర్లేదు. బనీను మీదే బస్సెక్కాను.

బస్సుకంటే జీపు ముందు చేరింది. ఇంటికి వచ్చేసరికి షావుకారి మనుషులు వచ్చి పోయారు. సగం నేసిన చీరను మగ్గం మీదే కత్తిరించి తీసుకుపోయారు. తెగిన పట్టుపోగులు గుంటలోకి వేలాడుతున్నాయి. నాయన వాటి ముందు కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"చక్రం అడిగితే ఇయ్యనంటివంట."

"గెలవాలని నాయనా. ఇదే ఆఖరు తూరి నాకు."

"గెలిస్తివా?"

నేను గుంటలోకి వేలాడే పోగులను పైకి తీయబోయాను.

"వాని సైకిలు, వాని చక్రం. అడిగితే ఇయ్యకుండా ఎట్ల వస్తివిరా? రేప్పొద్దున చీర కూడా నాదే అంటావా?"

కొడుకు నడిరోడ్డు మీద బట్టలు విప్పి వస్తే ఆయన అడిగిన మాట అది. షావుకారి మీద కోపం రోజులు గడిచేకొద్దీ కాస్త తగ్గింది. వాడు దొంగ, దొంగ పని చేశాడు. నాయన మాట మీద కోపం తగ్గలేదు. మర్నాడు ఆయనే దుకాణానికి పోయి ఏం బతిమాలుకున్నాడో గానీ, వారం తిరక్కుండా కొత్త పట్టు వచ్చింది. మగ్గం మళ్ళీ ఆడింది. ఆ చప్పుడు వినలేక నేను హిందూపురం పోయి ఒక మిల్లులో చేరాను. ఇప్పుడు నాయన లేడు. బతికున్నన్నాళ్ళూ మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొట్టుకునేవాళ్ళం.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు రైల్లో ధర్మవరం పోతున్నాను. పెనుకొండ దాటాక నల్లకోటు వేసుకున్న మనిషి వచ్చి టికెట్ అడిగాడు. ఇచ్చాను. టికెట్ చూసి, నన్ను చూసి అక్కడే నిలబడిపోయాడు. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది, అయినా నేనూ గుర్తుపట్టాను. నా వీపు వెనక కూర్చుని వచ్చినవాడు. నా కొలువు వేసుకుని నిలబడినవాడు.

పక్కన కూర్చుని పిల్లల సంగతి, మిల్లు సంగతి అడిగాడు. నేను పొడిపొడిగా జవాబిచ్చాను. స్టేషన్ దగ్గర పడ్డాక లేచి, కోటు సర్దుకుంటూ మెల్లగా అన్నాడు.

"ఒక మాట చెప్తాండా, ఏమనుకోవద్దప్పా. నువ్వు ఆ పొద్దు మేస్త్రీ కాడికి వచ్చింటే నన్ను తీసుకునేవాడే కాదు. ఈ కోటు నీదే. నాకు తెలుసు."

మంచి మాటే. చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పాడు. షావుకారు అనలేదు, మేనల్లుడు అనలేదు, మా నాయన అనలేదు. నేను వినాలనుకున్న మాట ఇంతమందిలో వీడొక్కడే, అదీ నా కోటు వేసుకుని, అన్నాడు. అందుకే వీణ్ణి మాత్రం నేను ఈ జన్మలో క్షమించను.