ఈరమ్మ, ఏడు జింకలు

ఈరమ్మ నోటికి జడిసి ఆ అడవిలోకి బీడీ ముట్టించుకుని వచ్చే మొనగాడు లేడు. "ఏంది, నీ అయ్య జాగీరా ఇది? ముందుగాల ఆర్పు!" అని చీపురు తిప్పి పట్టుకుందంటే, బూట్లు తొడుక్కుని నడకకొచ్చిన పెద్దమనుషులు కూడా కిక్కురుమనేవారు కాదు. చేసేది బాటలు ఊడ్చే రోజుకూలీ పని. అయినా గేటు దగ్గరి గార్డు మాట కంటే ఆమె మాటే చెల్లేది. చెల్లదూ మరి! ఆ అడవి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

కొండాపూర్ దాటాక ఉండేదా అడవి. ఎప్పుడో ఒక నవాబు శికారు కోసం చుట్టూ రాతిగోడ కట్టించి, నడుమ ఎత్తుగా రాతి మంచె వేయించి, చుక్కల జింకల్ని తెప్పించి వదిలాడట. నవాబు పోయాడు, ఆయన తుపాకులూ పోయాయి. మంచె సగం కూలి కింద ఒక చీకటి గది మిగిలింది. జింకలు మాత్రం పిల్లల్ని పెట్టుకుంటూ అక్కడే ఉండిపోయాయి. ఈరమ్మ పుట్టింది ఆ గోడకు ఆనుకున్న గొల్లల ఇళ్లలో. నడక వచ్చిన నాటి నుంచి మేకల వెంట ఆ చెట్ల కిందే తిరిగింది.

సర్కారు దాన్ని పార్కు చేసి, లోపల నడక బాటలు వేసి, ఇక మేకలు రాకూడదంది. ఉన్న మేకలన్నీ ఒక్క పూటలో సంతకు తోలి, ఇంటికొచ్చి ఖాళీ దొడ్డి చూసుకుని వారం రోజులు అన్నం ముట్టలేదు ఈరమ్మ. ఆ తర్వాత అదే సర్కారు చీపురు చేతికిస్తే తిట్టుకుంటూనే పుచ్చుకుంది. అడవిలో అడుగు పెట్టడానికి ఆమెకు వేరే దారి లేకపోయింది, అంతే.

తొంభై ఎనిమిదిలో మాదాపూర్‌లో అద్దాల భవంతి లేచింది. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి మొదలయ్యాయి. పొద్దస్తమానం బండలు పేల్చడమే. కూలీల డేరాలొచ్చాయి, క్యాంటీన్లొచ్చాయి, పారేసిన ఎంగిలి మెతుకుల కోసం కుక్కలొచ్చాయి. మెతుకులు చాలని రోజున అవి అడవిలోకొచ్చేవి. వెనకవైపు గోడ వానలకు కూలి మనిషి పట్టేంత సందు పడింది. రావడం ఆ సందులోంచే. నలభైకి పైగా ఉన్న జింకలు రెండేళ్లు తిరిగేసరికి ఏడయ్యాయి. కొమ్ము విరిగిన పోతు ఒకటి, ఆడవి నాలుగు, పిల్లలు రెండు.

ఆ ఎండాకాలం ఫారెస్టు ఆఫీసరు జీపు దిగి ఈరమ్మను పిలిచాడు. మంచివాడే పాపం, మొహం మాడిపోయి ఉంది.

"ఈరమ్మా, అడవి నడుమకెల్లి రోడ్డు అడుగుతున్నరు. జంతువులే లేనప్పుడు అదేం అడవి, ఒట్టి జాగనే గదా అంటున్నరు పైనోళ్లు. ఈ ఆదివారం జింకల లెక్కకు దినం పెట్టుకున్నం. నీళ్లతొట్టి కాడ పొద్దంత కూసుంటం. జింకలు కండ్లవడితే రాసి పంపిస్త, అడవి నిలుస్తది. లేకుంటే నా చేతుల ఏం లేదు."

"ఏడున్నయ్ సారూ. ఏడుకేడు నేను సూపిస్త," అంది ఈరమ్మ.

అన్నదే గాని, ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు. కుక్కలకు నాలుగు రోజులెందుకు, ఒక్క రాత్రి చాలు.

ఈ బాధ వినడానికి ఆమెకు ఉన్నది ఒక్క సీతారామయ్యగారు. ఏలూరు వైపు మనిషి, కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. షుగరుకు నడవమన్నారని ఉదయం సాయంత్రం వస్తాడు. వచ్చి, నడిచిన దాని కంటే ఈరమ్మతో మాట్లాడేదే ఎక్కువ. కుక్కల గురించి, ఆ సందు గురించి ఆయన రాసిన అర్జీలు ఏ బల్లల కింద పడ్డాయో దేవుడికే తెలియాలి, ఒక్క దానికీ జవాబు రాలేదు.

శనివారం సాయంత్రం ఆయన చొక్కా చేతులు మడుచుకుని, "వాళ్లనీ వీళ్లనీ అడుక్కోవడం దేనికమ్మా? రాళ్లు అక్కడే పడున్నాయి. ఆ సందేదో మనమే పూడ్చేద్దాం," అన్నాడు.

ఈరమ్మ కొంచెం తటపటాయించింది. కుక్కలు వెంటపడినప్పుడు జింకలు అదే సందులోంచి బయటికి దూకి, బయటి మెట్ట చెలకల్లో తిరిగి, తెల్లారేలోపు వచ్చేస్తాయని ఆమెకు తెలుసు. ఆ మాటే చెప్పింది.

"బయటేముందమ్మా ఇప్పుడు, చెలకలా పాడా! కిందటి నెల లారీ కింద పడి చచ్చింది అలా దూకిన జింక కాదూ? కుక్కే లోపలికి రాకపోతే వీటికి బయటికి దూకే పనేమిటి?"

ఆ మాటా నిజమే అనిపించింది. దొడ్డిలోకి మేకల్ని తోలి, లెక్క చూసుకుని, కంప అడ్డం పెట్టేస్తే తెల్లారేదాకా ఫికరుండదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఈరమ్మకు తెలిసిన కాపలా అదే. నేరుగా తొట్టి దగ్గరికి పోయి చెట్టు చాటున నిలబడి చూసింది. ఏడూ నీళ్లు తాగుతున్నాయి. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"అన్ని లోపల్నే ఉన్నయ్ సారూ. పాండ్రి, జల్ది," అంది వెనక్కొచ్చి.

అరవై దాటిన ఆయనా, యాభై దాటిన ఆవిడా పొద్దు గూకేదాకా రాళ్లు మోశారు. ఆయన గోరు చితికింది, ఆమె నడుం పట్టేసింది. ఛాతీ ఎత్తున రాళ్లు పేర్చి, పైన గోడ ఎత్తు దాకా తుమ్మకంప కప్పి, చుట్టూ తిరిగి చూసుకుని ఇద్దరూ చిన్నపిల్లల్లా సంబరపడ్డారు. "ఇగ రమ్మను, ఎట్లొస్తయో సూస్త ముండకానలు!" అని ఈరమ్మ కుక్కలకు సవాలు విసిరింది.

ఆదివారం తెల్లవారుతూనే వచ్చింది. తొట్టి కడిగి నీళ్లు నింపాలని బిందె ఎత్తుకునేసరికి వెనకవైపు నుంచి కాకుల గోల వినిపించింది. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

అయిదు ఆ రాళ్ల మొదట్లోనే పడి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. పోతు మెడ కంపలో చిక్కుకుని వేలాడుతోంది. పిల్లల్లో ఒకటి కొంచెం దూరంగా, సగమే మిగిలింది. నేలంతా గిట్టలు గీరిన గీతలు. రాళ్ల మీద నెత్తుటి మరకలు. దూకలేక, మళ్లీ వెనక్కి పోయి, మళ్లీ పరుగెత్తుకొచ్చి గుద్దుకున్నట్టున్నాయి. పైరాయి ఒక్కటి మాత్రం పక్కకు జరిగింది. తామిద్దరూ ఎంత గట్టిగా పేర్చారో అప్పుడు తెలిసింది ఈరమ్మకు.

రాత్రి కుక్కలు ఎటునుంచీ రాలేదు. సందు పూడ్చకముందే, ఎండకు తాళలేక పగలే వచ్చి మంచె కింది చీకటి గదిలో పడుకున్నాయి. తెల్లారాక బయటికి పోదామంటే వాటికీ దారి లేక గేటు దగ్గరికొచ్చి మూలుగుతుంటే గార్డు చూసి కర్రతో తరిమాడు. మేకల్ని కట్టేసే ముందు దొడ్డి మూలలన్నీ తడిమి చూసేది ఈరమ్మ, తోడేలు నక్కిందేమోనని. అడవికి మూలలుంటాయన్న తలంపే రాలేదు ఆమెకు.

ఎనిమిదింటికి ఆఫీసరు వచ్చాడు. చూశాడు. రూలు రూలే గనక తన మనుషులతో తొట్టి దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాడు. నాలుగు నెమళ్లొచ్చాయి, ఒక ముంగిస వచ్చింది. జింకలన్న గడిలో సున్నా పెట్టి పుస్తకం మూశాడు. రోడ్డుకిక అడ్డేమీ లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

పోతూ పోతూ వెనక గోడ దగ్గర ఆగి అడిగాడు. "ఈ రాళ్లెవరు పెట్టిన్రు?"

సాయంత్రం నడకకొచ్చిన సీతారామయ్యగారు ముందుకొచ్చాడు. "నేనేనండీ. ఆలోచన నాది. ఆవిడ వద్దనే అంది. తప్పంతా నాదేనండీ."

"కాదు సారూ, నేనే మూసిన," అంది ఈరమ్మ.

ఆఫీసరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మంచికే చేసినవ్ లే ఈరమ్మా. పరేషాన్ గాకు. ఇంటికి పోయి జరసేపు పండుకో," అన్నాడు.

ఆ మాటకు ఈరమ్మ రాళ్ల ముందు కూర్చుండిపోయింది.

"రాత్రి పండుకున్న సారూ. రెండేండ్లాయె, కుక్కలు మొరిగితే లేసి కూసునుడే. రాత్రి గూడ మొరిగినయ్, చెవులార ఇన్న. మొరగనీ, సందు మూసినం గదా అని అటుదిక్కు తిరిగి పండుకున్న," అంది.