వస్తానని వెళ్ళిన మనిషి జాడ

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో నేను లెక్కలు చెబుతాను. అడవిలో బతకడం నేర్పే రెండు రోజుల శిబిరానికి ఒకసారి వెళ్ళాను. చాకూ తాడూ టార్చీ అన్నీ కొనుక్కుని, విద్య మాత్రం ఏమీ రాకుండా తిరిగొచ్చాను. తడి కట్టె అంటుకోలేదని స్టాఫ్‌రూమ్‌లో విసుక్కుంటుంటే, టీ ఇస్తున్న మా ఆయమ్మ నవ్వింది.

"పైన తడిసినా లోపల ఎండే ఉంటది మేడం. చీల్చాలె."

ఆమె పుట్టిల్లు అబ్దుల్లాపూర్‌మెట్ అవతల, గుట్టల కింద. చిన్నప్పుడంతా మేకల వెంట తిరిగిందట. ఇంకేం, నాకు గురువు దొరికింది.

ఆదివారం ఆమెకు చర్చి ఉంటుంది కాబట్టి రెండో శనివారాలు ఎల్బీనగర్‌లో బస్సెక్కేవాళ్ళం. మోదుగాకులను పుల్లతో కుట్టి పప్పు కారని దొప్ప చేయడం ఆమెకు నిమిషం పని. నాకు పావుగంట పట్టేది, పైగా కారేది. మనిషి ఎత్తున సాలెగూడు తెగకుండా ఉంటే ఆ దారిన పొద్దున్నుంచి ఎవరూ నడవలేదని చూపించింది. ఎన్నిసార్లు తప్పు చేసినా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. క్లాసులో నేనైతే రెండోసారికే సుద్దముక్క విసిరేస్తాను. ఆమె దగ్గర నేను ఎందుకూ పనికిరానని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

వానలు తగ్గిన ఒక శనివారం మావారూ వెంట వచ్చారు. ఆయనకు షుగర్. పొద్దున మాత్ర వేసుకున్నారు, ఒంటిగంటకల్లా అన్నం పడాలి. డబ్బా నా సంచిలో ఉంది. ఆయమ్మా నేనూ పొదల పక్కన కూర్చుని నిప్పు రాజేస్తుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"నేను వస్తానే."

"ఆఁ, రండి," అన్నాను.

మాది గుంటూరు వైపు. వెళ్ళేటప్పుడు "వెళ్తా" అనకూడదని మా అత్తగారు నేర్పిన మర్యాద ఆయనకు అడవిలోనూ గుర్తుంది. వస్తున్నారు కదాని నేను కూర్చున్నాను. ఆయనేమో వెళ్ళారు.

అరగంటైనా ఆయన రాలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. గొంతు పోయేలా పిలిచినా జవాబు లేదు. ఒంటిగంట దాటింది. ఎక్కడ కళ్ళు తిరిగి పడిపోయారోనని పొదల వైపు పరుగెత్తబోయాను.

"జర ఆగు మేడం, తొక్కకు," అని ఆయమ్మ నన్ను పక్కన నిలబెట్టింది. తడి నేల మీద మేకల కాపరులవీ, సీతాఫలాలు కోసేవాళ్ళవీ బోలెడన్ని అడుగులున్నాయి. "బూటు అడుగులే మూడు తీర్లున్నయి. సార్ ఎట్ల నడుస్తడు? ఏ కాలు మీద బరువేస్తడు?"

ఇరవయ్యారేళ్ళ కాపురం. నాకు తెలియదు.

ఆమె అడుగులన్నీ ఒకసారి చూసింది. వంగి ఒక జాడ పక్కన వేలు పెట్టింది. "గిది సార్‌ది. ఎడమ కాలు ఈడుస్తుండు. పొద్దుగాల బస్సు దిగంగనే చూసిన."

ఇక ఆమె ముందు, నేను వెనక. దారి రెండుగా చీలిన చోట ఒకవైపు సాలెగూడు చూసి రెండోవైపు తిరిగింది. బండ మీద జాడ పోతే కంగారు పడలేదు. బండ చుట్టూ నిదానంగా తిరిగి, అవతల మడత పడిన గడ్డి పట్టుకుంది. అంత భయంలోనూ ఆమెను అలా చూస్తూ ఉండిపోవాలనిపించింది. లెక్కలో ఒక్క మెట్టు కూడా ఎగరగొట్టని మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

ఆయన ఒక రాతి పక్కన కూలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమట, షుగర్ పడిపోయింది. ఆయమ్మ పండిన సీతాఫలం చీల్చి గుజ్జు నోట్లో పెట్టింది. కాసేపటికి మాట వచ్చింది.

"గుట్ట చూసొద్దామని వెళ్ళాను. చెప్పే వెళ్ళాను కదే," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. డబ్బా తీసి తిట్లతో సహా అన్నం పెట్టాను. ఆయమ్మ మాత్రం ఆయన పాదాల దగ్గరే కూర్చుంది.

"ఎడమ బూటు ఇప్పు సార్."

సాక్స్ కాలికి అంటుకుపోయి ఉంది. నీళ్ళు పోసి నెమ్మదిగా లాగితే, అరికాలిలో బొటనవేలంత పుండు. నిన్నా మొన్నటిది కాదు.

"నొప్పి లేదే," అన్నారాయన, తన కాలినే వింతగా చూసుకుంటూ.

ఆ సాక్స్ రోజూ తీసి మెషిన్‌లో వేసేది నేనే.