ఖాళీగా నడిచే పెట్టె

పాండేసరలోని బట్టకు రంగు వేసే ఒక డైయింగ్ మిల్లులో నన్ను నెట్‌వర్క్ పనికి మూడు నెలల ట్రయల్ మీద పెట్టుకున్నారు. అదే మిల్లులో కరెంటు ప్యానెల్ గది చూసుకునేది మా బాపు, అంటే మా నాన్న. అంతకుముందు ఏళ్ళ తరబడి మగ్గాలు నడిపిన మనిషి.

ఆ మిల్లులో రంగుల కొలతలన్నీ కంప్యూటర్ నుంచే యంత్రాలకు వెళ్తాయి. నెట్‌వర్క్ ఆగితే బట్ట పాడైనట్టే. అందుకే రెండు రూటర్లతో ప్లాన్ గీశాను. ఒకటి ఆఫీసులో, రెండోది వేరే లైను మీద బాపు గదిలో. కంప్యూటర్లకు మాత్రం ఆ రెండూ కలిసి ఒక్క రూటరుగానే కనబడతాయి. దాన్నే వర్చువల్ రూటర్ అంటారు. మొదటిది పని చేస్తున్నంతసేపూ రెండోది ఊరికే కనిపెట్టుకుని ఉంటుంది, మొదటిది మూగబోతే పని అందుకుంటుంది.

"నా చేత్తో ఆ మొదటిదాని వైరు పీకుతా బేటా. కంప్యూటర్లు ఆగకుంటే నీ నౌకరీ పక్కా, ఆగితే ఇంటికే" అన్నాడు మిల్లు యజమాని సేఠ్.

పొద్దున పదింటికి నేనే పీకి చూశాను, భేషుగ్గా నడిచింది. ఒంటిగంటకు సేఠ్ పీకాడు, అన్నీ చచ్చాయి! సెట్టింగులన్నీ తిరగేసి, రెండింటికి బాపు గదికి పరిగెత్తితే రెండో రూటర్ పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. మళ్ళీ పీకి చూస్తే మళ్ళీ నడిచింది. మర్నాడూ అంతే, పొద్దున పాసు, మధ్యాహ్నం ఫెయిలు. ఇదేం మాయరా దేవుడా అని తల పట్టుకున్నాను. ఆ పెట్టె ఎప్పుడు ఆగిందో అందులోనే రాసి ఉంటుందన్న బుద్ధి కూడా పుట్టలేదు నాకు.

"రేపు ఆఖరు" అన్నాడు సేఠ్. సాయంత్రం నవాగామ్‌లోని మా ఇంటికి వచ్చి ఏడుస్తుంటే, "దిష్టి తగిలింది బిడ్డా" అంటూ ఉప్పు తిప్పి పోసింది బాపే.

మూడో రోజు పన్నెండున్నరకు బాపు దగ్గరే తిందామని వెళ్ళాను. టిఫిన్ మూత తీసేముందు బాపు లేచి, చాలా మామూలుగా, రెండో రూటర్ స్విచ్చి కట్టేశాడు.

"బాపూ! ఏంది జేస్తున్నవ్?"

"అది ఒట్టిగనే నడుస్తున్నది గద. ఖాళీ మిషన్ నడవనిచ్చి బువ్వకు కూసుంటరా? తిన్నంక ఏస్త తియ్యి."

పోగు లేకుండా మగ్గం నడిపితే పాపమన్నది ఆయన నేర్చిన పని. నాకు కోపం నషాళానికి అంటింది. రెండు రోజుల ఏడుపంతా ఆయన మీదే కుమ్మరించాను. బాపు స్విచ్చి వేసి, టిఫిన్ మూత తీయకుండానే పక్కన పెట్టేశాడు.

ఒంటిగంటకు సేఠ్ వైరు పీకాడు. ఒక్క కంప్యూటరూ ఆగలేదు.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి బాపు ఆ పెట్టెకు కాపలాగా, స్విచ్చిని వీపుతో కప్పేసి నిలబడి ఉన్నాడు. టిఫిన్ అట్లాగే ఉంది.

"ఉన్నదా బిడ్డా నీ కొలువు? నేను జరగొచ్చునా?" అన్నాడు.